ఫెస్టస్ తాత నూరేళ్లు

ఐర్లండులోని మా మేయో పల్లెలో అట్రాక్టాకి ఉన్న గొప్ప ఒక్కటే. వాళ్ల ముత్తాత ఫెస్టస్ నిండు నూరేళ్లు బతికాడని! సమాధి రాయి మీదా అదే చెక్కించారు. ఫాదర్ గారు సమాధులు దీవించే ఆదివారం నాడు ఊరందరి ముందూ ఆ మాట చెప్పాలని ఆవిడ ముచ్చట. రుజువు కోసం, ఊరి టీచర్ని కదా అని నన్ను లైబ్రరీకి లాక్కుపోయింది.

పాత జనాభా లెక్కలు తీశాం. 1901లో ఫెస్టస్ వయసు యాభై ఒకటి. 1911లో డెబ్బై ఒకటి!

"పదేళ్లలో ఇరవయ్యేళ్లు ఎలా పెరిగాడు టీచరమ్మా?"

"మధ్యలో డెబ్బై దాటినవాళ్లకి, అప్పట్లో మనల్నేలిన లండన్ సర్కారు పింఛను పెట్టింది కదే తల్లీ! ఊళ్లో సగంమంది ఒక్కసారిగా ముసలాళ్లయిపోయారు."

"అయితే తొంభైకే పోయాడా? ఇంకేం మొహం పెట్టుకుని సమాధి దగ్గర నిలబడను!"

దారంతా ముక్కు చీదుతూనే ఉంది. తీరా ఆదివారం నాడు రాయి పక్కన ఛాతీ విరుచుకుని నిలబడింది.

"మా ముత్తాత నూరేళ్లు బతకలేదు. ఇంగ్లండు రాజుకే పదేళ్లు టోపీ పెట్టాడు!"

జనం చప్పట్లు కొట్టారు. ఫాదర్ గారు నవ్వాపుకోలేక దగ్గారు.

"పదేళ్లేనా?" అంది వెనకనుంచి పక్కింటి డీలియా. "మా ముత్తాత పన్నెండు!"