బావ రంగులోకి రావాలని

ఆ రోజుల్లో తెల్లబడటానికి ఆడపిల్లలు పడే పాట్లు అందరికీ తెలిసినవే. నల్లబడాలని పాట్లు పడ్డ పిల్ల మాత్రం మామిడికుదురు మొత్తమ్మీద నేనొక్కదాన్నేనేమో! తొంభైల చివర్లో, డిగ్రీ రెండో ఏడు పరీక్షలయ్యాక వచ్చిన వేసవి అది. మస్కట్‌లో కట్టడాల పనికి వెళ్ళిన మా మేనత్త కొడుకు, అంటే మా బావ, సెలవు మీద వచ్చాడు. వెళ్ళేటప్పుడు చామనఛాయ, వచ్చేసరికి ఎండకి బాగా కమిలిపోయాడు. ఆ రంగులో అతని నవ్వు నాకు మునుపటికన్నా బాగుంది. (ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు.) బావ తెచ్చిన కొత్త కెమెరాతో మా నాన్న అరుగు మీద అందరికీ ఫోటో తీస్తుంటే, సందు చూసుకుని బావ పక్కన చేరాను. మా దొడ్డమ్మ ఊరుకుంటుందా? "పాలగ్లాసు పక్కన డికాషను పెట్టినట్టుందే!" అంది. అందరూ నవ్వారు. "ఆయ్, నిజమేనండి అత్తయ్యగారూ" అని బావ కూడా నవ్వి, మెల్లగా ఆ చివరికి జరిగిపోయాడు. ఆ జరగడం నాకు గుచ్చుకుంది.

మర్నాడే డాబా ఎక్కాను. ఎండబెట్టిన కొబ్బరికి కాపలా అన్నది సాకు. చేతులకీ మొహానికీ కొబ్బరినూనె దట్టంగా పట్టించి మిట్టమధ్యాహ్నం కూర్చున్నాను. కాకులు కొబ్బరిని వదిలేసి నా వైపే ఆశగా చూశాయి. సాయంత్రానికి నలుపు రాలేదు సరికదా, ఉడికించిన పీతలా ఎర్రబడ్డాను. మామ్మ మజ్జిగలో తడిపిన గుడ్డలు వేస్తూ, "కాకుల్ని తోలమంటే నువ్వే మాడిపోయేవేంటే తల్లీ!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బావ వచ్చి నా చేతుల వంక చూశాడు.

"ఎండలో ఏం చేసేవు?"

"నల్లబడదామని."

"ఎందుకూ?"

"నువ్వు పక్కకి జరక్కుండా ఉంటావని."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లోపలికెళ్ళి ఓ క్రీము ట్యూబు తెచ్చి ఇచ్చాడు. "ఎండకి మాడకుండా అక్కడ రాసుకుంటాం. ముందు ఈ మంట పూర్తిగా తగ్గనీ. తర్వాత అంత సరదాగా ఉంటే, ఎండ ముదరకముందు, ఇది రాసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కాసేపు కూర్చో. మధ్యాహ్నం మేడెక్కేవో, మావయ్యకి చెప్పేస్తాను. అసలు నీకివేమీ అక్కర్లేదే పిచ్చిదానా!"

చర్మం పొరలు పొరలుగా ఊడి, మంట తగ్గాక మళ్ళీ డాబా ఎక్కాను. ఆ పొద్దుటి ఎండల్లో, కొబ్బరి తిరగేసే నెపంతో బావ కూడా వచ్చేవాడు. అక్కడి ఇసుక గాలుల గురించి, గదిలో వంతులవారీగా వండుకునే కూరల గురించి చెప్పేవాడు. అన్నిసార్లు తిరగబడ్డ కొబ్బరి కోనసీమలో మరోటి ఉండదు.

సెలవు అయిపోయింది. కారెక్కాక బావ కిటికీ మీద చెయ్యి ఆనించి, పక్కన నా చెయ్యి పెట్టమన్నాడు. నాది తేనెరంగుకి వచ్చింది.

"ఇంకొన్నాళ్ళుంటే సరిపోయేది" అన్నాడు.

రంగు గురించి అన్నాడో, సెలవు గురించి అన్నాడో అడగలేకపోయాను. కారు కదిలిపోయింది.

మరుసటేడు బావకి వాళ్ళ నాన్నగారి వైపు సంబంధం కుదిరింది. నాకూ మంచి మనిషే దొరికాడు. కానీ ఆ వేసవి వెళ్ళి ముసురు పట్టిన రోజుల్లో, రోజుకింత తెల్లబడిపోతున్న చేతుల్ని చూసుకుంటూ, మోచేతి దగ్గరైనా కాస్త నలుపు మిగిలిందేమోనని అద్దం ముందు వెతుక్కున్న ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. దగ్గరకు తీసుకుని, "పోనీలేవే" అనాలనిపిస్తుంది.