ఇయ్యాల ఏటి కూర?

మా అమ్మాయి తల పైకెత్తి, "మరి మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగింది. బడిలో మాకు డ్రిల్లు టీచరుగా ఉన్న అప్ప నోరు తెరిచింది, నవ్వింది, జవాబు మాత్రం చెప్పలేదు. నేను భయపడింది సరిగ్గా అప్పుడే.

మైదానంలో ఉన్న మిగతావాళ్ళకు అందులో భయపడవలసింది ఏమీ కనిపించి ఉండదు. సున్నంతో గీసిన గీత వెంబడి తెల్లజుట్టు పెద్దావిడ, భుజాన కొత్త శాలువాతో, తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తోంది, చుట్టూ చప్పట్లు, మైకులో ఎవరివో పొగడ్తలు. కానీ ఆవిడ దగ్గర పరుగు నేర్చుకున్న మాలాంటివాళ్ళకు, నడుస్తున్న మనిషిని ఏదైనా అడిగితే జవాబు రాకపోవడం కంటే చెడ్డ గుర్తు ఇంకోటి లేదు. ఇది జరిగి కొద్దిరోజులే అయింది. పిల్లలు పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తుంటే కూడా నా చెవులు ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాయి.

ఒకప్పుడు ఆ మైదానమున్న కాలేజీ తరఫున ఆడి, తర్వాత ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలను ఆడించడంలోనే గడిపేసిన కొందరిని పాత విద్యార్థులు పిలిచి చేసిన సన్మానం అది. వేదిక వెనక ఫ్లెక్సీలో వాళ్ళ పాత ఫోటోలు వేశారు. అందులో అప్ప సన్నగా, నూనె రాసిన జడతో, చెప్పులు లేని కాళ్ళతో గీత దాటుతూ ఉంది. సభ అయ్యాక సన్మానం పొందినవాళ్ళు తలా ఒక పిల్లనో పిల్లవాణ్ణో వెంటబెట్టుకుని మైదానం చుట్టూ ఒక చుట్టు నడవాలని ఏర్పాటు. అప్ప జనంలో నన్ను వెతికి పట్టుకుని, నా కూతురిని పంపమంది. నేను గర్వంతో పొంగిపోయాను.

మా హైస్కూలు ఆటోనగర్‌కు దగ్గరగా ఉండేది. షెడ్లలో ఇనుము కోసే చప్పుడు లెక్కల క్లాసులోకి వినిపించేది, పొద్దున తుడిచిన బెంచీ మధ్యాహ్నానికి మళ్ళీ నల్లబడేది. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డ్రిల్లు పీరియడ్ అంటే ఆడపిల్లలు నీడ చూసుకుని చింతగింజలు ఆడుకునే వేళ. అప్ప వచ్చాక ఆ నీడ పోయింది. ఆవిడ సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళ ఇంటి పిల్ల. తడి ఇసుకలో పరిగెత్తి పరిగెత్తి కాలేజీ దాకా వచ్చి, అక్కడ ఎనిమిది వందల మీటర్లలో పేరు తెచ్చుకుంది. మేడమ్ అని పిలిస్తే ఒప్పుకునేది కాదు. ఇంట్లో పెద్దక్కను పిలిచినట్టు అప్ప అనమనేది.

ఆవిడ పద్ధతి ఒకటే. మేము పరిగెడుతుంటే పక్కన తనూ పరిగెడుతూ, ఒక్కొక్కరినీ "ఏటే, ఇయ్యాల ఏటి కూర మీ ఇంట్లో?" అని అడిగేది. పరుగు ఆపకుండా జవాబు మొత్తం చెప్పాలి. మాట మధ్యలో తెగితే ఆ పూటకు పరుగు అయిపోయినట్టే, నడవమనేది. అందుకు మాకు ఉక్రోషంగా ఉండేది గానీ, మధ్యమధ్య నవ్వులకూ కొదవ ఉండేది కాదు. నేను వరసగా వంకాయ చెప్పినప్పుడల్లా, "నిన్నా వంకాయే, మొన్నా వంకాయే, మీయమ్మకి వంకాయ తోట గాని ఉందేటే?" అని అందరి ముందూ ఏడిపించేది. కూర లేదని చెప్పిన పిల్లను మాత్రం ఏమీ అనేది కాదు. పరుగు అయ్యాక తన సంచీలోంచి ఆకులో చుట్టిన ఇడ్లీలు తీసి, వేరే ఎవరూ చూడకుండా ఆ పిల్ల చేతిలో పెట్టేది. మా ఊపిరినీ మా కడుపునూ ఆ ఒక్క ప్రశ్నతోనే చూసుకునేది.

నా పక్క బెంచీలో కూర్చునే నా నేస్తం మా అందరికంటే వేగంగా పరిగెత్తేది. వాళ్ళ నాన్న పోర్టులో కూలి. కూర ఏమిటని అడిగితే ఆ పిల్ల తడుముకునేదే కాదు. "నెత్తళ్ళ పులుసప్పా, మాయమ్మ మావిడికాయేసి పెట్టింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. అంత చక్కగా మాట వస్తోంది కాబట్టి అప్ప ఆ పిల్లను ఇంకా పరిగెత్తనిచ్చేది. నగరంలో జరిగిన స్కూళ్ళ పోటీలో, చివరి మలుపు దగ్గర, అందరికంటే ముందున్న ఆ పిల్ల ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలిపోయింది. పెద్దాసుపత్రిలో చూసి, చిన్నప్పటి నుంచే గుండె బలహీనంగా ఉందన్నారు. ఆ వానాకాలం దాటలేదు.

తర్వాత దాని చెల్లెలు చెప్తే తెలిసింది. వాళ్ళింట్లో నెత్తళ్ళ చేపలు వండేదే ఎప్పుడో ఒకసారట. మాట తెగితే జట్టులోంచి తీసేస్తారని, ఆ వాక్యాన్ని కుళాయి దగ్గర బిందె నిండేదాకా పదే పదే అనుకుని, నాలుకకు అలవాటు చేసుకుందట. ఊపిరి లేకపోయినా పలికే జవాబు అది. అప్ప పద్ధతిలో ఉన్న ఆ ఒక్క సందు ఒక చిన్నపిల్లకు కనిపించింది, అప్పకు కనిపించలేదు.

పరామర్శకు అప్ప మమ్మల్ని కూడా తీసుకువెళ్ళింది. ఆ తల్లి గుమ్మంలోనే నిలబడి, "కూర ఏటి కూర ఏటని రోజూ అడిగీదానివట కదమ్మా, నా గుంట తిన్నాదో లేదో ఒక్కపాలైనా ఇంటికొచ్చి సూసావా?" అంది. అప్ప ఆ గడప దగ్గర నేల మీదే కూర్చుండిపోయింది. మేము ఎటు చూడాలో తెలియక ఆవిడ పాదాలవైపు చూస్తూ నిలబడ్డాం.

ఆ తర్వాత కూర ప్రశ్న ఆవిడ నోట వినలేదు. ముందుగా ఎవరూ ఊహించలేనివి అడిగేది. మీ వీధి కుక్కకు ఏ కాలు కుంటిది, మీ తమ్ముడు నిన్న ఎందుకు ఏడిచాడు, ఇలాంటివి. సాయంత్రాలు మా ఇళ్ళకు వచ్చి, అమ్మలు మొహమాటపడుతున్నా వినకుండా, వంటగదిలో గిన్నెల మూతలు తీసి చూసేది. ఆవిడను చాదస్తం మనిషి అన్నవాళ్ళు ఉన్నారు. ఆ చాదస్తం వల్లే నేను కాలేజీ దాకా పరిగెత్తగలిగాను.

మొన్న ఆ మైదానంలో నా కూతురి చెయ్యి పట్టుకుని, "ఏటే బంగారం, ఇయ్యాల ఏటి కూర మీ ఇంట్లో?" అని ఆవిడ అడగడం విన్నప్పుడు, ఇన్నేళ్ళకు ఆ గాయం మానింది కాబోలు అనుకుని నా కళ్ళు తడిశాయి. మా అమ్మాయి ఆనపకాయ అని చెప్పి ఊరుకోకుండా తిరిగి అడిగింది. జవాబు రాలేదు.

వెనక నడుస్తున్న కబడ్డీ కోచ్, కాలేజీలో ఆవిడతో చదివినాయన, "ఏటప్పా, సిన్నగుంటతో కూడా నడవనేకపోతన్నావేటి? ఆ రోజుల్లో మమ్మల్నందర్నీ దుమ్ము తినిపించావు కదా!" అని వేళాకోళం చేశాడు. అందరూ నవ్వారు. అప్ప చెయ్యి ఊపి నడుస్తూనే ఉంది. నేను మా చిన్నాడిని వాళ్ళ నాన్నకు అప్పగించి, మైదానానికి అడ్డంగా పరిగెత్తాను.

కూర్చో అప్పా అన్నాను. ఆవిడ ఆగి, ఊపిరి కూడదీసుకుని, "నాకేటైందే, ఎండ కదా, పొద్దున్నే లేచాను కదా, అంతే" అంది. ఎక్కడా తెగకుండా, నున్నగా వచ్చిందా మాట. నాకు నెత్తళ్ళ పులుసు గుర్తొచ్చింది.

"నా పెళ్ళికి ఏ రంగు చీర కట్టుకొచ్చావప్పా?" అని అడిగాను.

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. నేను ఏం చేస్తున్నానో అర్థమైపోయింది. దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వి, "నీలం..." అంది. అంచు రంగు చెప్పబోయిందో ఏమో, మాట అక్కడే తెగిపోయింది. నా భుజం పట్టుకుని ఆ సున్నం గీత మీదే కూర్చుంది. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నా కూతురు ఆవిడ చెయ్యి ఇంకా వదల్లేదు.

ఆసుపత్రి వరండాలో ఆవిడ అన్న కొడుకు చెప్పాడు. మెట్లు ఎక్కొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడట, ఈవిడే దాచిందట. "ఎల్లొద్దత్తా అంటే ఇన్నాదా? ఎవులేటడిగినా జవాబు రెడీగా ఎట్టుకున్నాన్రా అన్నాది. పొద్దున్న ఏటీ తిన్నేదండి. రెండ్రోజులై పొయ్యి ఎలిగించడానికే ఓపిక నేదు" అని గోడవైపు తిరిగిపోయాడు. ఒకప్పుడు మా గిన్నెల మూతలు తీసి చూసిన మనిషి ఇంట్లో, మూత తీసి చూసేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

ఆ రాత్రి పక్క మీద మా అమ్మాయి మెల్లగా, నేను అడిగినందుకేనా అమ్మా అంది. పడుకో అన్నాను. తెల్లవారకముందే ఫోన్ వచ్చింది.

ఇప్పుడు మా హైస్కూలు మైదానంలో సగం మేర గదులు కట్టేశారు. మా పిల్లల బడికి మైదానమే లేదు, మేడ మీద ఆకుపచ్చ తివాచీ పరిచి దాని మీద ఆడిస్తారు. నేర్పే కుర్రాడు మంచివాడే. చేతికి గడియారం, మెడలో విజిల్, ఎవరు ఎంతసేపట్లో పరిగెత్తారో మా ఫోన్లకు పంపిస్తాడు. ఏం తిన్నారని అడగడు. అడగమని మేమూ చెప్పలేదు. పిల్లల పక్కన మాట్లాడుతూ పరిగెత్తే పెద్దవాళ్ళు నాకు ఇప్పుడు ఎక్కడా కనిపించడం లేదు.

ఆ తెల్లవారుజామున ఫోన్ పెట్టేశాక, పిల్లలు లేచేలోపు, వాళ్ళకు చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నాను. అప్పను వాళ్ళు అమ్మమ్మ అనేవారు, ఆ అమ్మమ్మ దేవుడి దగ్గర విశ్రాంతి తీసుకుంటోంది అని. అనుకున్న కొద్దీ నాలుక మీద నున్నగా వస్తోంది. అలా వస్తోందనే దాన్ని వదిలేశాను.

పొద్దున ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, అమ్మమ్మ చనిపోయింది అని చెప్పాను. నా మాట రెండుచోట్ల తెగింది, తెగనిచ్చాను. నువ్వు అడిగినందువల్ల కాదు తల్లీ, ఆవిడకు ఊపిరి అందడం లేదని అంతమందిలో కనిపెట్టింది నీ ప్రశ్న ఒక్కటే, అందుకే ఆవిడ ఒక్కతీ ఎక్కడో మెట్ల మీద పడిపోకుండా మన ఒళ్ళో ఒరిగింది అన్నాను. మా అమ్మాయి, ఇంతకీ ఆవిడ ఇంట్లో ఏం కూర అని మళ్ళీ అడిగింది.

ఏమీ వండుకోలేదట, తినకుండానే వచ్చిందట అన్నాను. నువ్వు మాత్రం అడగడం మానకు అని చెప్పాను.