చర్చి ముందు పట్టాముక్క

మాది పెద్దపల్లి, రైల్వేలో ఉద్యోగం. కిందటేడు పత్తి ఏరే రోజుల్లో, చెన్నూరు దగ్గర అత్తగారి ఊరికి దోస్తును వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడ చర్చి ముందు గంటకు బదులు రైలుపట్టా ముక్క వేలాడుతుంది. యుద్ధకాలంలో మిలిటరీ డిపోలో బాంబుల పెట్టెలు మోసిన చిన్నరైలు పట్టా అది. ఆ డిపోలో పనిచేసిన మా ఆవిడ తాత తెచ్చాడట.

"నారోగేజి పట్టారా! ఎట్ల మోగుతదో ఇను" అని దోస్తుకు గొప్పలు పోతూ ఇనుపకడ్డీతో ఒకటి కొట్టాను. మోత పూర్తిగా అణిగేదాకా విని మళ్లీ ఒకటి కొట్టాను. ఆ తర్వాత ఇంకొకటి.

మా చర్చిలో ఉన్నది మైకు. అలా ఆగి ఆగి కొడితే ఊళ్లో ఎవరో చనిపోయినట్టని నాకేం తెలుసు?

చేలల్లోంచి జనం ఉరికొచ్చారు. ఆ ఊళ్లో ఏసోబు అనే ముసలాయన మంచాన పడి ఉన్నాడు. అందరికంటే ముందు ఆయన కూతురు ఒడిలో పత్తితోనే "బాపూ!" అని ఏడుస్తూ ఇంట్లోకి పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను.

ముసలాయన కళ్లు తెరిచాడు. "గంట ఇన్న బిడ్డా. ఎవలు పోయిన్రు?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎవలు పోలే బాపూ. మనూరి అల్లుడు ఆడుకుంటుండు."

తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఆ చర్చి దాటేటప్పుడు నాకు తల పైకి లేవదు.