ఎడమ కార్నర్ పిల్ల, బాపు సంతకం

ఆ రోజుల్లో ప్రమాదాన్ని అంచనా వెయ్యడం ఇంటింటా ఒక ఉద్యోగమైపోయింది. పాల ప్యాకెట్ కడగాలా వద్దా, లిఫ్టు మీట వేలితో నొక్కాలా మోచేత్తో నొక్కాలా, పక్కింటాయన తుమ్మింది దుమ్ముకా ఇంకో దానికా అని ఊరంతా లెక్కలు వేసుకుంటున్న కాలం. నాకు మాత్రం ఆ దిగుళ్ళేవీ లేవు. పదకొండో తరగతి, పదహారేళ్ళు, బడి కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్. కూతకు వచ్చిన పిల్ల చీలమండ ఒక్కసారి నా చేతుల్లో పడిందంటే ఇక ఆ పిల్ల మధ్యగీత మీద ఆశ వదులుకోవలసిందే. (ఇది నా గురించి నేను అనుకున్న మాటే. అయినా జట్టులో ఎవరూ కాదనలేదు.)

తెలంగాణ నుంచి బతకడానికి వచ్చి మేముండేది సూరత్‌లో, భేస్తాన్ వైపు. బాపు, అంటే మా నాన్న, సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో గుడ్డ చెకింగ్ చేసేవాడు. కింద లైటు వెలిగే అద్దం బల్ల మీద గుడ్డను లాగుతూ, పోగు తెగినచోటా నూనె మరక పడినచోటా గుర్తు అంటించడం ఆయన పని. ఇరవై ఏళ్ళు అదే పని చేసి చేసి ఆయన కళ్ళకు లోపాలు తప్ప ఇంకేవీ ఆనేవి కావు. అన్నంలో రాయి, గోడలో పగులు, నా మోకాలి మీద గీరుడు, ఏదీ తప్పించుకునేది కాదు. అలాంటి మనిషి ముందు, కరోనా రెండో అల తగ్గి బడులు తెరిచాక, నేనొక కాగితం పెట్టాను. అది ఇచ్చింది మా పీటీ మాస్టారు. మేం విజిల్ సార్ అనేవాళ్ళం. ఆయన మాస్కు దించి, విజిల్ ఊది, మళ్ళీ మాస్కు ఎక్కించుకునేలోపు ఫౌల్ చేసినవాళ్ళు ఏమీ ఎరగనట్టు వెళ్ళి నిలబడిపోయేవాళ్ళు. శనివారం కడోదరాలో బడుల మధ్య పోటీ ఉంది, ఆటలో దెబ్బ తగిలితే బడికి బాధ్యత లేదు, ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. కాగితంలో ఉన్నది అంతే. సంతకం లేకపోతే నా చోటులో ఇంకో పిల్ల ఆడుతుంది.

నేను చదివి చెప్పింది బాపు రెండుసార్లు విన్నాడు. "ఏంది బిడ్డా ఇది? కాలు ఇరిగితే మాకు సంబంధం లేదని వాళ్ళే రాసిచ్చిండ్రు. అంటే ఇరుగుతదని వాళ్ళకు ఎరుకనే గద?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని తెలిసే నోటుపుస్తకం వెనక పేజీలో పట్టిక గీసి ఉంచాను. గీరుడు రోజూ, వేలు బెణకడం నెలకోసారి, పన్ను ఊడటం ఇప్పటిదాకా లేదు, ఎముక విరిగింది ఒకే ఒక్క సీనియర్ అక్కకు, అదీ మెట్ల మీద జారి. బాపు ఆ పేజీని గుడ్డ చూసినట్టే వెలుతురుకు పట్టి చూసి, "పన్ను ఇప్పటిదాక లేదని రాసినవ్. రేపు ఊడదని రాసినవా?" అన్నాడు. "ఏడాదిన్నర సంది పిల్ల ఇంట్లనే కూసున్నది. జర పోనియ్యరాదు," అని అమ్మ వంటింట్లోంచి నా తరపున మాట్లాడింది. బాపు వినలేదు. "చూడని గుడ్డ మీద నేనెప్పుడన్న సంతకం పెట్టిన్నా? ముందుగాల ఆట చూస్త, అటెన్క చూద్దాం."

చూద్దామంటే, బడి గేటు లోపలికి పెద్దవాళ్ళను రానివ్వని రోజులు. అందుకని ఆదివారం పొద్దున మా బిల్డింగ్ డాబా మీదే ఆట పెట్టాం. నేను పడితే దెబ్బ తగలకుండా బాపు కార్ఖానా నుంచి మూడు బస్తాల చిందీ (కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు) తెచ్చి మెత్తగా పరిచాడు. తీరా కూతకు వచ్చేది ఎవరు? అమ్మ చీర దోపుకుంటుంటే బాపు ఆపి, "నువ్వుండు. నేనొస్త. మా ఊరి హైస్కూల్ల నన్ను పట్టినోడే లేడు," అని లుంగీ ఎగ్గట్టాడు. పక్కన అప్పడాలు ఎండబెట్టుకుంటున్న గుజరాతీ బెన్ (అక్క) ఉంది కాబట్టి మాస్కు తియ్యలేదు. మాస్కు చాటున ఆయన కూత నడుస్తోందో ఆగిందో నాకు తెలియనే లేదు. గట్టిగా పట్టుకుంటే బాపు పడతాడు, మెల్లగా పట్టుకుంటే సంతకం పోతుంది. నేను ఆలోచిస్తూ కూర్చోలేదు. ఎడమ కాలు ముందుకు రాగానే రెండు చేతులా పట్టి లాగేశాను.

అప్పుడు తెలిసింది, పరిచిన చిందీ అంతా నా వెనకాలే ఉందని. వారం రోజులుగా ఇంటిల్లిపాదీ నేను పడితే ఏమవుతుందనే తర్జనభర్జన పడ్డాం గాని, పడేది ఆయన కావచ్చన్న ఊహ మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. పాదం లోపలికి మెలిక పడి, ఒళ్ళు బయటికి తిరిగి, బాపు సిమెంటు మీద పడ్డాడు. "అమ్మా!" అని అరిచాడు. ఆయన అలా అరవగా నేను వినడం అదే మొదటిసారి. "ఎవలన్న జూస్తే నవ్వుతరు! పిల్లను పంపనీకి భయమట, తనేమో డాబా మీద గెంతుతడట!" అని అమ్మ తిడుతూనే భుజం పట్టి కిందికి దింపింది. ఎముకకు ఏమీ కాలేదు, బెణికిందంతే అన్నాడు డాక్టరు. మర్నాటి నుంచి బాపు స్టూలు వేసుకుని కూర్చుని చెకింగ్ చేశాడు.

నా కథ ముగిసిందనే అనుకున్నాను. శుక్రవారం పొద్దున బాపు తనే పెన్ను అడిగాడు. "పెట్టిన, తీస్కపో. నీ గురించి భయం పోయింది. ఇప్పుడు నాకు అవతలి పిల్లల బాపులే యాదికొస్తున్నరు." దీన్ని నేను పొగడ్తగానే తీసుకుని బడంతా చెప్పుకున్నాను.

శనివారం కడోదరాలో కూడా పెద్దవాళ్ళను గేటు బయటే ఆపేశారు. బాపు తోటిపనివాడి టెంపో తెప్పించుకుని, గోడ పక్కన పెట్టించి, వాచిన కాలితో వెనక ఎక్కి నిలబడ్డాడు. పడిపోకుండా అమ్మ ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది. నేను అప్పటికే నలుగుర్ని పట్టేశాను. ఆఖరి కూతకు పాయింట్లు సమానం. అవతలి జట్టు నుంచి బక్కపలచని పిల్ల వచ్చింది. గోడవతల నుంచి "గట్టిగ పట్టు బిడ్డా! ఇడువకు!" అని బాపు గొంతు. కాలు వచ్చింది, పట్టాను. లాగితే గెలుపు మాదే. అప్పుడు చూశాను. ఆ పిల్ల పాదం లోపలికి మెలిక పడింది, ఒళ్ళు బయటికి తిరుగుతోంది. డాబా మీద పడ్డ తీరు సరిగ్గా అదే. కాకపోతే ఈసారి మా జట్టు నలుగురూ పైన పడటానికి పరిగెత్తుకొస్తున్నారు. ఆ మోకాలు మిగలదు. నేను చేతులు తెరిచాను. ఆ పిల్ల పాకుతూ వెళ్ళి గీత ముట్టింది. వాళ్ళ జట్టు ఆమెను ఎత్తుకుని ఊరేగించింది. విజిల్ సార్ మాస్కు దించి మరీ నన్ను చూశాడు.

టెంపోలో తిరిగి వస్తూ బాపు అడిగాడు. "ఏమైంది బిడ్డా? చేతుల పడ్డది గద!"

"చెమట, బాపూ. జారింది."

నేనిప్పుడు ఇదే ఊళ్ళో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇంటికి ఎవరొచ్చినా బాపు ఆ మ్యాచ్ మొత్తం చెప్తాడు. "చెమట గిన పట్టకపోతే కప్పు మా ఇంట్ల ఉంటుండె," అని ముగిస్తాడు. నేను అవునని తలూపుతాను. నిజం చెప్తే ముందుగా తన కాలి వైపు చూసుకుంటాడు, "నా వల్లనే ఓడింది పిల్ల" అనుకుంటాడు. ఆ రోజు నా చేతులు పొడిగా ఉన్నాయి. ఆ సంగతి నాకూ, అప్పటి నాలోని ఆ పొగరుబోతు పదహారేళ్ళ పిల్లకూ మాత్రమే తెలుసు. ఎప్పుడైనా ఆమె గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అంత తొందరగా, ఎవర్నీ అడక్కుండా, సరైన పని చెయ్యడం నాకిప్పుడు చేతనవుతుందో లేదో.