స్ప్రింగు పక్కన బొట్టు

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగి కాస్త లోపలికి వెళితే నందకిశోర్ సేటు ఫంక్షన్ హాలు. గేటు నుంచి మండపం దాకా విశాలమైన పచ్చిక. పెళ్లికొడుకులను, నడవలేని పెద్దవాళ్లను ఆ దూరం దాటించడానికి సేటు శ్రావణంలో ఒక పెట్రోలు గోల్ఫ్ బండి కొన్నాడు. దాన్ని నడిపేదీ, బాగోగులు చూసేదీ హుస్సేనీ ఆలం బస్తీలో ఉండే రామ్‌చందర్. నలభై ఏళ్లు స్కూటర్లు విప్పి బిగించిన మనిషికి అరవై దాటాక ఆ తెల్లబండి దొరికింది. పెడలు మీద కాలు మోపితే ఇంజను లేస్తుంది, తీస్తే ఊరుకుంటుంది. పిలిస్తే "ఊఁ" అని మళ్లీ నిద్రలోకి జారుకునే పసిదానిలా ఉంటుందని ఇంట్లో చెప్పాడు.

"నన్నెప్పుడన్న గిట్ల మురిపెంగ చూసినవా?" అంది భార్య మాణిక్యమ్మ.

ఒక పెళ్లిలో బరాత్ గేటు దగ్గరే ఆలస్యమైంది. ముహూర్తానికి నాలుగు నిమిషాలుండగా పెళ్లికొడుకు బండెక్కాడు. బండి మాత్రం తన తీరునే సాగింది. మేనమామలు చెప్పులు చేతబట్టుకుని దాన్ని దాటి ఉరికారు. "దీనికన్న ఎడ్లబండి నయం సేటూ!" అని మండపం దగ్గర ఎవరో అరిచారు.

మర్నాడే సేటు పిలిచాడు. "ఉస్తాద్, జర స్పీడు పెంచరాదు!"

ఇంజను హద్దు మీరి తిరగకుండా పట్టి ఉంచే చిన్న స్ప్రింగు ఒకటుంటుంది. దాని బదులు గట్టిది వేస్తే బండి రెట్టింపు ఉరుకుతుంది.

"కంపెనోళ్లకు ఎరుకైతే వారంటీ పోతది సేటు."

"ఎవడు చెప్తడు? నువ్వా, నేనా?"

రామ్‌చందర్ మార్చాడు. సేటు మాట కోసమే అనుకున్నాడు గానీ, మర్నాడు తెల్లవారుజామున ఎవరూ లేని పచ్చిక మీద ఒక్కడే బండి తిప్పాడు. రాత్రి పెళ్లి బంతిపూలు తడితడిగా పడి ఉన్నాయి. తెల్లగుడ్డలు కప్పుకున్న కుర్చీలు మంచులో వరుసగా నిలబడి తననే చూస్తున్నట్టున్నాయి. చెవుల పక్క గాలి ఏదో చెబుతూ పోయింది. నేల చక్రాల కింద ఉందో లేదో తెలియలేదు.

తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. బెల్టు మాడిన వాసన. బ్రేకు నొక్కినా నాలుగడుగులు ముందుకు జారడం. ఇంజను పాటలో ఒక గరుకు. విననట్టే ఉన్నాడు. కార్తీకం చివరి పెళ్లిలో బండి "ఠంగ్"మని ఆగిపోయింది. లోపల కడ్డీ విరిగింది.

"పాత స్ప్రింగు ఏసెయ్," అన్నాడు సేటు. "కంపెనోళ్లు కొత్త ఇంజన్ ఇస్తరు. ఇయ్యకుంటే ముందే చెప్తున్న, దీన్ని తుక్కుకేస్త, బ్యాటరీ బండి తెచ్చుకుంట."

తుక్కు అన్న మాట రామ్‌చందర్ గుండెలో దిగబడింది. పాత స్ప్రింగు వేశాడు.

మర్నాడు కంపెనీ తరఫున తన్మయి అనే అమ్మాయి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూసింది. "బెల్టు మాడిపోయింది. మెల్లగ నడిచే బండికి ఇట్ల కాదు."

"దుమ్ము మేడం, అంత దుమ్ము," అన్నాడు సేటు.

"స్ప్రింగయితే మాదే..." అంటూ వేలు పెట్టింది. వేలు ఎర్రగా వచ్చింది. "ఇదేంది అంకుల్?"

రామ్‌చందర్ ఉలిక్కిపడ్డాడు. విప్పిన ఇంజను ఏదైనా బిగించాక కుంకుమ బొట్టు పెట్టడం అతని చేతులకు అలవాటు. నిన్న కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"బొట్టమ్మా."

"దసరాకు మేడం, ఆయుధపూజకు!" అందుకున్నాడు సేటు.

చుట్టూ నూనె మురికి. బొట్టు ఒక్కటే నిగనిగలాడుతోంది. తన్మయి రామ్‌చందర్ వైపే చూసింది. "దసరాకేనా?"

ఊఁ అంటే బండికి కొత్త ప్రాణం వస్తుంది. కానీ పెట్టిన బొట్టును పక్కన పెట్టుకుని అబద్ధమాడటానికి మనసొప్పలేదు.

"నిన్న పెట్టిన బిడ్డా. స్ప్రింగు గూడ నిన్ననే మార్చిన. అంతకుముందున్నది గిది." జేబులోంచి గట్టి స్ప్రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నేనిది రాయక తప్పదు అంకుల్."

"రాయి. తప్పు బండిది గాదు."

ఆమె వెళ్లగానే సేటు మండిపడ్డాడు. "ఓహో, హరిశ్చంద్ర మహారాజా! రేపే తుక్కోన్ని పిలుస్త."

"ఎల్లుండి సంది మూఢం. పెళ్లిళ్లే లేవు, బండితోని నీకేం పని? మూఢం అయ్యేదాక నాకియ్యి సేటు, నేనే చేస్త. లేవకుంటే అప్పుడెయ్."

సేటు చాలాసేపు గొణిగాడు. "మల్ల స్పీడన్నవనుకో..."

"అన్నది నువ్వే."

పెళ్లిళ్లు లేని హాలు నీళ్లడుగున ఉన్నట్టుండేది. రామ్‌చందర్ పాత టేబుల్ గుడ్డ పరిచి ఇంజను ముక్కలు పేర్చుకునేవాడు. పావురాలు మండపం స్తంభాల మీద గురగురలాడేవి. కడ్డీ కోసం కార్వాన్‌లో లేతు మిషను దగ్గర మూడు రోజులు కూర్చున్నాడు. అరిగిన చోటల్లా వేలితో తడుముతుంటే, తాను విననట్టు ఊరుకున్న చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే వినిపించాయి.

మూఢం వెళ్లిపోయే రోజు సాయంత్రం పెడలు మీద కాలు మోపాడు. దగ్గింది. మళ్లీ మోపాడు. లేచింది.

చప్పుడు విని సేటు బయటికొచ్చాడు. పక్క సీట్లో కూర్చున్నాడు. బండి పచ్చిక మీద మెల్లగా కదిలింది.

"గింతేనా స్పీడు?"

"గింతే."

ఫ్లైఓవర్ మీద బస్సుల దీపాలు వెలుగుతున్నాయి. మండపం చుట్టి గేటు దగ్గరికొచ్చేసరికి సేటు చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు.

"ఆపకు," అన్నాడు. "ఇంకో చక్కర్ కొట్టు."