తొమ్మిదో అంతస్తులో అవ్వ

మా అపార్ట్‌మెంటు అమ్మేటప్పుడు ఇచ్చిన రంగుల కాగితంలో ఈతకొలను ఉంది, నీలాకాశం ఉంది, నవ్వుతున్న పిల్లలున్నారు. కింద వ్యాగన్లు బాగుచేసే రైల్వే డిపో ఉందని మాత్రం ఎక్కడా లేదు. డిపో మీద స్లాబు, స్లాబు మీద కార్లు, కార్ల మీద మేము. రామగుండం బొగ్గు దుమ్ముకు తొమ్మిదో అంతస్తు దాకా రావడానికి లిఫ్టు అక్కర్లేదు. అయినా సొంతిల్లు కదా అని మురిసిపోయాను. బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా ఉన్నదాన్ని, మా అమ్మను తెచ్చి నాతో పెట్టుకున్నాను. ఆమెను చిన్నప్పటి నుంచీ అవ్వ అనే పిలుస్తాను.

మాది కమాన్‌పూర్ వైపు ఊరు. ఓపెన్‌కాస్ట్ గని తవ్వుకుంటూ ఊరి అంచు దాకా వచ్చింది, చివరికి ఊరినే మింగేసింది. అంతకుముందు చాలా ఏళ్లు రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగు ఉండేది. ఏ గోడ పడుతుందో, ఏ పెంకు జారుతుందో తెలియదు కనుక సైరన్ మోగగానే అందరం బయటికి వచ్చేవాళ్లం. కానీ ఎవరి మానాన వాళ్లు రావడం మా ఊళ్లో లేదు. వస్తూ వస్తూ పక్కింటి తలుపు కొట్టాలి, మంచాన పడ్డవాళ్లను పట్టుకొచ్చి కూర్చోబెట్టాలి. అవ్వ పొయ్యి మీద అన్నం వదిలేసి మరీ వాడంతా తలుపులు కొట్టేది. నేల అదిరి, దుమ్ము సద్దుమణిగాక మళ్లీ ఎవరి పని వాళ్లది. ఊరు పోయాక ఆ జనం తలో దిక్కయ్యారు.

ఈ ఇంట్లో మొదటిసారి కింద వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించినప్పుడు గచ్చు వణికింది. అవ్వ ఇంకేం ఆలోచించలేదు. వరండాలోకి వెళ్లి ఎదురింటి తలుపు దబదబా బాదింది.

"బయటికి రాండ్రి బిడ్డా, ఇల్లు ఊగుతాంది. పిల్లను ఎత్తుకో జల్ది."

ఆ ఇంట్లో కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు భార్య చంటిపిల్లతో ఉంటుంది. తలుపు తీసి నవ్వింది.

"అది ట్రైనండి ఆంటీ. కంగారు పడకండి."

నేనూ బాల్కనీలోంచి రైలు చూపించాను.

"రైలైతేంది, ఊగుడు ఊగుడే గదా" అంది అవ్వ.

రోజూ మా అంతస్తులో తలుపులన్నీ కొట్టింది. కొన్నాళ్లకు అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ వచ్చాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునేవాళ్లకు ఇబ్బందిగా ఉందట, అమ్మగారిని డాక్టరుకు చూపించమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆదివారం పూట డ్రిల్లింగు మిషన్లతో గోడలు తొలిచేవాళ్లకు లేని రోగం మా అవ్వకెక్కడిదని అడిగేశాను. అవ్వ లోపల్నుంచి అంతా వింది.

"కొట్లాడకు బిడ్డా. రైలే గదా. ఇగ కొట్టను తియ్యి."

మాట తప్పలేదు. నేల వణికినప్పుడల్లా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

ఆ చలికాలం ఒక పొద్దున, నేను బడిలో ఉండగా నిజంగానే భూమి కంపించింది. పిల్లల్ని మైదానంలోకి పంపి, హెడ్మాస్టరుకు చెప్పి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను. అపార్ట్‌మెంటు జనమంతా గేటు బయట ఉన్నారు. నైటీల మీద తువ్వాళ్లు కప్పుకున్నవాళ్లు, చెప్పుల్లేకుండా వచ్చినవాళ్లు. ఒకాయన కుక్కపిల్లను కూడా మర్చిపోకుండా తెచ్చుకున్నాడు. సెక్రటరీ ఫోన్లో ఎవరికో వర్ణిస్తున్నాడు. వాళ్లలో అవ్వ లేదు.

లిఫ్టు ఆపేశారు. మెట్లన్నీ ఎక్కేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అవ్వ గచ్చు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"జల్ది వచ్చినవేంది? ఇయ్యాల రైలు జర పెద్దదే వచ్చినట్టుంది" అంది.

"ఏమో" అన్నాను. పక్కన కూర్చుని నేనూ కాసిన్ని కాయలు అందుకున్నాను. అందరూ దిగిపోయిన సంగతి ఆమెకు తెలియకుండా ఉంటే చాలనుకున్నాను.

సాయంత్రం ఎదురింటావిడ వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"పొద్దున వచ్చింది భూకంపమండి ఆంటీ. అందరం దిగిపోయాం. ఆ కంగారులో మీరు గుర్తురాలేదు. ఏమీ అనుకోకండి" అంటూ ఏడ్చేసింది.

అవ్వ ఆమె చంకలోని పిల్ల తల నిమిరింది.

"పిల్లను ఎత్తుకపోయినవు గదా బిడ్డా. గంతే చాలు."

ఆవిడ వెళ్లాక అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం వద్దంది. నేను కంచం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"అందరు దిగిన్రు" అంది చివరికి. "నేను లోపట్నే ఉంటి గదా బిడ్డా. ఒక్కలన్న తలుపు కొట్టకపాయిరి."