మనస్విని తుమ్మించిన వయ్యారిభామ

ఆ వేళ పొద్దున మా అమ్మాయి మనస్వి మంచం మీద నుంచి లేస్తూనే నన్ను "దాద్దా" అని పిలిచింది. "నాన్నా" అనబోతే అలా వచ్చింది. ముక్కులు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఆటపట్టిస్తోందేమో అనుకుని నేనూ "ఏబిటబ్బా?" అన్నాను. పిల్ల నవ్వబోయి తుమ్మింది. దాని వెనక ఇంకో తుమ్ము, దాని వెనక మరోటి. జడ వేయడానికి కూర్చోబెట్టుకున్న మా ఆవిడ సునీత, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య సందు దొరికినప్పుడల్లా ఒక్కో పాయ అల్లుకుంటూ వచ్చింది. ఆ జడ వంకరగానే బడికి వెళ్ళింది.

మాది దర్శి. పొలాల మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. సునీత ప్రైవేటు స్కూల్లో టీచరు. మా ఇల్లు ఊరి చివర కొత్త కాలనీలో ఉంది. అక్కడ ఇళ్ళకన్నా ఖాళీ స్థలాలే ఎక్కువ, వెనకంతా పత్తి, మిరప చేలు. మా అమ్మ మాతోనే ఉంటుంది. మనస్వి అప్పుడు మూడో తరగతి. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు.

మామూలు జలుబే అనుకున్నాం. వీధి చివర డాక్టరు సిరప్ ఇచ్చాడు. అది తాగినన్నాళ్ళూ పిల్ల క్లాసులో తూగింది, మానేయగానే మళ్ళీ తుమ్మింది. యాంటీబయాటిక్ కూడా వాడాం. ఏం మారలేదు. తమాషా ఏమిటంటే, జ్వరం లేదు. ముక్కులోంచి వచ్చేది నీళ్ళలా తేటగా ఉండేది. కళ్ళు దురద. అరచేత్తో ముక్కును కింద నుంచి పైకి ఒకటే రుద్దుకునేది. రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డంగా ఒక గీత కూడా పడింది. చలి ముదిరాక ఎవరో చెప్పినట్టు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాం. మరుసటి ఏడు వానలు తగ్గుముఖం పట్టగానే మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఆ ఏడు బాలల దినోత్సవానికి స్కూల్లో మైకు పట్టుకుని కార్యక్రమం నడిపే పని దానికి ఇచ్చారు. ఇంట్లో అద్దం ముందు తెగ సాధన చేసింది. తీరా స్టేజీ ఎక్కి "నా పేరు మనస్వి" అనేసరికి మైకులో "దా పేరు బదస్వి" అని వినిపించింది. పిల్లలంతా గొల్లున నవ్వారు. అది స్టేజీ దిగి తిన్నగా వాళ్ళమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏడవలేదు. "ఇంకెప్పుడూ మైకు పట్టుకోను" అంది, అంతే. ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగా తినలేదు. జలుబుకి మనం నవ్వుకుంటాం గానీ, ఆ వయసు పిల్లకి అది చిన్న విషయం కాదని నాకు ఆ రోజే తెలిసింది.

మా అమ్మ మాత్రం దిష్టి అంది. "అంతమందిలో నిలబెడితే తగలదేంట్రా? కళ్ళ కింద ఆ నలుపు చూడు" అంటూ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తీసి పిల్ల చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేసింది. మా ప్రాంతం మిరపకాయలు మరి! ఘాటు ఇల్లంతా కమ్మేసింది. మనస్వి, సునీత, నేను, గోడ అవతల పక్కింటివాళ్ళు అందరం దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాం. అందరికన్నా చివర కళ్ళు తుడుచుకుంటూ మా అమ్మ వచ్చింది. వచ్చి ఏమందో తెలుసా?

"దిష్టి ఉంటే ఘాటు రాదురా. ఇంత ఘాటొచ్చిందంటే ఇది దిష్టి కాదు. గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించు."

మా ఇంట్లో అంతకు మించిన రిఫరల్ ఎవరూ రాయరు. ఆ వారంలోనే బస్సెక్కి గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేటలో పిల్లల డాక్టరమ్మ గారి క్లినిక్.

ఆవిడ మమ్మల్ని ఏమీ అడక్కముందే మనస్విని అడిగింది. "ముక్కు దురదపెడితే ఏం చేస్తావమ్మా? ఒకసారి చూపించు."

మనస్వి అరచేత్తో కింద నుంచి పైకి రుద్ది చూపించింది. డాక్టరమ్మ ముక్కు మీది గీత చూసి, లోపల టార్చి వేసి చూసింది. ఏ నెలల్లో వస్తోందో మమ్మల్ని అడిగింది. "జలుబు కాదండి. అలర్జిక్ రైనైటిస్, ముక్కుకి వచ్చే అలర్జీ" అంది.

"మిర్చి వల్లేనా మేడం?" అన్నాను. మా వైపు దేనికైనా మొదట అదే అంటాం.

"మిరప చేలో కోతలు ఎప్పుడండి?"

"జనవరి దాటాక."

"మరి పాపకి అక్టోబరులోనే వస్తోందన్నారు కదా? మిర్చి ఘాటుకి నేనూ తుమ్ముతాను. అది ఘాటు, అలర్జీ కాదు. ఇంకేదో ఉంది, చూద్దాం."

నిద్రమత్తు రాని రకం అలర్జీ మందు యాంటీహిస్టమిన్, ఉప్పునీటి చుక్కలు, ముక్కులో కొట్టుకునే ఒక స్ప్రే రాసింది. మందుల షాపులో స్ప్రే పెట్టె మీది పేరు చూసి, అదేం మందని ఫోనులో వెతికితే, స్టెరాయిడ్ అని ఉంది. అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళాను. రిసెప్షన్ అమ్మాయి విసుక్కుంది గానీ డాక్టరమ్మ విసుక్కోలేదు.

"ఆ పదానికి అందరూ భయపడతారండి. ఇది చాలా చిన్న మోతాదు. ముక్కులోనే పని చేస్తుంది. ఎదుగుదల ఆగుతుందని భయమైతే, వచ్చినప్పుడల్లా పాప ఎత్తు నేనే కొలుస్తాను, సరేనా? కానీ ఒకటి. ఇది తలనొప్పి మాత్ర కాదు, వేసిన పూటే తగ్గదు. తగ్గలేదని మీరే మానేయకండి."

మానలేదు. కొన్ని రోజులకు మనస్వి నోరు మూసుకుని నిద్రపోవడం చూశాం. అంతకుముందు నోరు తెరుచుకునే నిద్రపోయేదని అప్పుడు గమనించాం. మా ఇంట్లో పండగలా ఉంది.

ఆ పండగ ఎన్నాళ్ళో లేదు. బడిలో ఒక శనివారం శ్రమదానం పెట్టారు. ఆటస్థలం నిండా పెరిగిన పిచ్చిమొక్కలు పిల్లలూ టీచర్లూ కలిసి పీకారు. మనస్వి చేతిలో పడ్డ పనిని సగంలో వదిలే రకం కాదు. అందరికన్నా పెద్ద మోపు అదే లాక్కొచ్చిందట. సాయంత్రానికి కళ్ళు వాచిపోయాయి. దగ్గు మొదలైంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. "నాన్నా, ఛాతీ పట్టేసినట్టుంది" అంది. బండి మీద నా ముందు కూర్చోబెట్టుకుని దర్శిలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా దాని వీపు నా ఛాతీకి ఆనించుకుని, దాని ప్రతి ఊపిరినీ లెక్కపెట్టినట్టు వింటూనే ఉన్నాను.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. స్టెత్ పెట్టి, "వీజ్ ఉందండి, పిల్లికూతలు. నెబ్యులైజర్ పెడదాం" అన్నాడు. వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూశారు. ముఖానికి మాస్కు పెట్టారు. పొగలాగా మందు వస్తుంటే మనస్వి కళ్ళు పెద్దవి చేసి నన్నే చూసింది. నేను నవ్వుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆ ఈల చప్పుడు తగ్గింది. మాస్కు తీయగానే అది అన్న మొదటి మాట: "ఆకలేస్తోంది." నాకు ఏడుపొచ్చింది అక్కడే.

డాక్టరమ్మ గారికి ఫోను చేస్తే, "ఇక టెస్ట్ చేసేద్దాం. పాప ఛాతీ నెమ్మదించాక చెబుతాను, యాంటీహిస్టమిన్ కొద్దిరోజుల ముందు నుంచి ఆపి తీసుకురండి" అంది. ఈసారి మా అమ్మ కూడా బయల్దేరింది. పిల్లకి సూదులు పొడుస్తారట అని విన్నాక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరం?

దాని పేరు స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద చీమ కుట్టినంత గుచ్చారు. మనస్వి ముఖం చిట్లించింది, అంతే. మా అమ్మే కళ్ళు మూసుకుంది. కాసేపు కూర్చున్నాక ఒక చోట పెద్ద దద్దురు, ఇంకో చోట కాస్త చిన్నది లేచాయి. మిగతా చుక్కలన్నీ మామూలుగానే ఉన్నాయి.

"పెద్దది పార్థీనియం పుప్పొడి. అంటే వయ్యారిభామ" అంది డాక్టరమ్మ.

మా అమ్మ లేచి నిలబడింది. "ఎవత్తమ్మా ఆ వయ్యారి? మా పిల్ల జోలికెందుకొచ్చింది?"

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. ఫోనులో ఆ మొక్క ఫోటో వెతికి చూపించింది. క్యారెట్ ఆకులాంటి ఆకు, పైన తెల్లటి చిన్న పూలు. అది చూడగానే నాకు మతి పోయింది. మా ఇంటి పక్క ఖాళీ స్థలం నిండా అదే! బడిలో మనస్వి మోపులు కట్టిందీ అదే!

"రెండోది డస్ట్ మైట్. పరుపుల్లో, దిండ్లలో ఉంటుంది, కంటికి కనపడని పురుగు. పాప దేని మీద పడుకుంటుంది?"

అక్కడ మా అమ్మ ముఖం వాడిపోయింది. మనస్వి నాయనమ్మ పక్కనే పడుకుంటుంది. ఆ పరుపు మా పొలంలో పండిన పత్తితో, మా నాన్న ఉన్నప్పుడు కుట్టించింది. "మా పత్తి మంచిదమ్మా" అంది మా అమ్మ నెమ్మదిగా.

"పత్తి తప్పు కాదండి. పాత పరుపులో ఆ పురుగు చేరుతుంది" అని డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పింది. జిప్పుతో పూర్తిగా మూసే కవరు తొడిగిన పరుపు పాపకి వేయమంది. దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో ఉతకమంది. వీజ్ వస్తే వాడమని ఒక ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టంలాంటి స్పేసర్ ఇచ్చి, ఎలా పీల్చాలో మనస్వి చేతే చేయించింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ తన పరుపుతో సహా వేరే గదిలోకి మారింది. రెండ్రోజులు ఇద్దరికీ నిద్ర లేదు. చివరికి మా అమ్మే తేల్చింది. ఆ పరుపును చుట్టి అటక మీద పెట్టేసి తనకీ కవరున్న పరుపే కావాలంది. "ఆ పురుగేదో నన్ను మాత్రం ఎందుకు కుట్టాలి?" అంది పైకి. ఆ రాత్రికి ఇద్దరూ మళ్ళీ ఒకే మంచం.

మరుసటి వానాకాలం మొక్కలు పూతకి రాకముందే పక్క స్థలం శుభ్రం చేద్దామని కాలనీలో చెప్పాను. ఎదురింటి శీను, "ఏరా, వైండింగ్ మానేసి కలుపు పనికి దిగావా?" అని ఎగతాళి చేశాడు. వాళ్ళబ్బాయి కూడా అవే రోజుల్లో తుమ్ముతాడని గుర్తు చేశాను. మరునాడు అందరికన్నా ముందు వాడే వచ్చాడు. చేతులకు తొడుగులు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని వేళ్ళతో సహా పీకేశాం. ఆ రోజు మనస్వి కిటికీ వేసుకుని లోపలే ఉండి మా మీద అజమాయిషీ చేసింది. హెడ్‌మాస్టరు గారు కూడా ఆటస్థలాన్ని సెలవుల్లోనే కూలీలతో బాగుచేయిస్తున్నారు.

ఆ ఏడు మళ్ళీ బాలల దినోత్సవం. మైకు పట్టుకోమని మేమెవరం అడగలేదు. అదే వెళ్ళి టీచరుకి చెప్పిందట. కార్యక్రమం మొదలు నుంచి చివరి దాకా నడిపింది. మధ్యలో ఒకసారి తుమ్మింది. "క్షమించండి" అని చెప్పి కొనసాగించింది. ఈసారి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మనస్వి ఆరో తరగతి. అలర్జీ పోలేదు, పోతుందని డాక్టరమ్మ మాటివ్వలేదు కూడా. గాలి ఎక్కడి పుప్పొడినైనా మోసుకొస్తుంది కదా. బయట నుంచి రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకుంటుంది. ఒకటి రెండు చెడ్డ రోజులు వస్తాయి, పోతాయి. ఇన్‌హేలర్ బడి సంచిలో ఉంటుంది. అది ఎక్కడ ఉంటుందో టీచర్లకు తెలుసు. డాక్టరమ్మ కొలిచినప్పుడల్లా ఎత్తు పెరుగుతూనే ఉంది, కొత్త యూనిఫాం అప్పుడే పొట్టయింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే నేను చెప్పేది ఒకటే. తుమ్ములు మొదలయ్యే దాకా ఆగకండి. ఏటా ఏ నెలలో వస్తోందో మీకు తెలిసిపోతుంది. దానికి కొంచెం ముందే వెళ్ళి, స్ప్రే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుని అడగండి. అది ఎలా కొట్టాలో కూడా అక్కడే ఒకసారి చేసి చూపించమనండి. మొన్న శీను వాళ్ళబ్బాయికి కొత్తగా స్ప్రే ఇచ్చారు. వాడు తల వెనక్కి వాల్చి గొంతులోకి కొట్టుకుని, చేదు చేదని ఉమ్ముతున్నాడు. మనస్వి వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టింది.

"తల కొంచెం ముందుకి వంచరా. కుడి ముక్కుకి ఎడం చెయ్యి, ఎడం ముక్కుకి కుడి చెయ్యి. మధ్య గోడ మీదికి కాదు, చెవి వైపుకి. గట్టిగా ఎగపీల్చకు, పువ్వు వాసన చూసినంతే."

"ఏ పువ్వు?" అన్నాడు వాడు.

"మల్లెపువ్వు" అంది మనస్వి. వాడు కళ్ళు మూసుకుని, మెల్లగా పీల్చాడు.